వాయు కాలుష్యం: వైద్యులం అడగని ప్రశ్న



ప్రభుత్వ వైద్యుడిగా పని చేసిన కాలంలో నేను కొన్ని వేల కేసు షీట్లు రాసి ఉంటాను. దగ్గు, ఆయాసంతో వచ్చిన ప్రతి రోగినీ మాకు నేర్పిన క్రమంలోనే ప్రశ్నించేవాణ్ణి. ఎన్నాళ్ళ నుంచి? కఫం పడుతున్నదా? అందులో రక్తం కనబడిందా? క్షయ మందులు ఎప్పుడైనా వాడారా? చివరగా, పొగ తాగుతారా? "లేదు" అంటే అక్కడ ఒక అడ్డగీత గీసి ముందుకు పోయేవాణ్ణి. ఆ అడ్డగీత ఎంత పెద్ద పొరపాటో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ పొరపాటు గురించే.

ఉత్తరాంధ్రలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేస్తున్న రోజులవి. యాభై ఏళ్ళు దాటిన ఒక తల్లి ఏటా చలికాలం రాగానే ఆయాసంతో వచ్చేది. ఒక వాక్యం పూర్తి చేయడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునేది. ఆ ప్రాంతపు స్త్రీలలో కొందరికి చుట్టను నిప్పు ఉన్న వైపు నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు ఉండేది. అందువల్ల గుచ్చి గుచ్చి అడిగేవాణ్ణి. "నాకా అలవాటు లేదు బాబూ" అని ఆమె ప్రతిసారీ చెప్పేది. కఫం పరీక్షలో క్షయ కనబడలేదు. ఇంజెక్షను చేసి, మాత్రలు ఇచ్చి పంపేవాణ్ణి. మరుసటి చలికాలానికి మళ్ళీ వచ్చేది.

ఒక పల్స్ పోలియో ఆదివారం నాడు వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆమె ఇంట్లో చుక్కలు వేయవలసిన పసిబిడ్డ ఉన్నదంటే లోపలికి తొంగి చూశాను. తాటాకు కప్పిన వంటపాక. కిటికీ లేదు, పొగగొట్టం లేదు. పొయ్యిలో పచ్చి సరుగుడు పుల్లలు, పిడకలు. ఒడిలో మనుమరాలిని పెట్టుకొని ఆమె ఊదుగొట్టంతో మంట రాజేస్తున్నది. పైన వాసాలన్నీ మసితో నల్లబడి ఉన్నాయి. నేనక్కడ ఐదు నిమిషాలు కూడా నిలబడలేకపోయాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, "ఈ పొగలో ఎట్లా వండుతావమ్మా?" అని అడిగాను. "అలవాటైపోనాది బాబూ" అని నవ్వింది.

ఆమె నాకెన్నడూ అబద్ధం చెప్పలేదు. చుట్ట ముట్టకుండానే, చిన్ననాటి నుంచి రోజూ కొన్ని గంటలపాటు పొగ పీల్చిన మనిషి ఆమె. నేను అడగవలసిన ప్రశ్న "పొగ తాగుతావా?" అన్నది ఒక్కటే కాదు, "ఏ పొయ్యి మీద వండుతావు?" అని కూడా అడిగి ఉండవలసింది.

పొగ శరీరంలో ఏం చేస్తుంది?

కట్టె మండినా, డీజిలు మండినా, బొగ్గు మండినా, ప్లాస్టిక్ మండినా పొగలో అతి సూక్ష్మమైన కణాలు ఉంటాయి. వీటిలో 2.5 మైక్రాన్ల కంటె చిన్నవాటిని పీఎం 2.5 అంటారు. మన తలవెంట్రుక మందంలో ఇవి దాదాపు ముప్పయ్యో వంతు. పెద్ద ధూళి కణాలను ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగురు పట్టి ఆపుతాయి. ఈ సూక్ష్మ కణాలు ఆ కాపలాను దాటి ఊపిరితిత్తులలోని గాలి గదుల వరకు పోతాయి. వాటిలో మరీ చిన్నవి అక్కడి నుంచి రక్తంలోకి ప్రవేశిస్తాయి.

ఏళ్ళ తరబడి ఇలా జరిగితే శ్వాసనాళాల లోపలి పొర వాచి, మందమై, దారి ఇరుకవుతుంది. గాలి గదుల గోడలు చెడిపోతాయి. దీనినే మేము సీవోపీడీ అంటాము. చెడిన గోడను తిరిగి కట్టే మందు నేటికీ లేదు. రక్తంలో చేరిన కణాలు రక్తనాళాలలో వాపును పెంచి గుండెపోటుకు, పక్షవాతానికి దోహదం చేస్తాయి. గర్భిణి పీల్చిన పొగ వల్ల బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. పసివారిలో న్యుమోనియా ఎక్కువవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిలు పొగను, 2013లో బయటి గాలి కాలుష్యాన్ని మొత్తంగా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

ఇది ఢిల్లీ గొడవేనా?

శీతాకాలం వచ్చిందంటే టీవీలో ఢిల్లీ పొగమంచును చూసి, మనం అదృష్టవంతులమని అనుకుంటాము. కాని 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ కూడా ఉన్నాయి. విశాఖనే చూడండి. చుట్టూ కొండలు, నడుమ గిన్నె వంటి పల్లం. అందులో రేవు, బొగ్గు, ఖనిజాల కుప్పలు, పరిశ్రమలు, లారీలు. రేవు దగ్గర నివసించే గృహిణిని అడిగితే, ఉదయం తుడిచిన వసారా సాయంత్రానికి ఎంత నల్లబడుతుందో ఆమే చెబుతుంది.

శీతాకాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడి, దాని మీది చల్లగాలిపై వెచ్చని గాలి ఒక మూతలాగా పరుచుకుంటుంది. కింది పొగ పైకి పోలేదు. సరిగ్గా ఆ రోజులలోనే మనం చలిమంటలు వేస్తాము, చెత్త తగలబెడతాము, వరి కోసిన చోట గడ్డి కాలుస్తాము. భోగి నాడు పాత కట్టెలతో పాటు టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా మంటలో వేసేవారిని నేను చూశాను. టైరు కాల్చమని ఏ శాస్త్రం చెప్పింది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన ప్రమాణం ప్రకారం పీఎం 2.5 సంవత్సర సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశంలో 2009లో నిర్ణయించిన పరిమితి 40. అంటే మన లెక్క ప్రకారం "పరవాలేదు" అనిపించుకున్న గాలి కూడా ఆ ప్రమాణానికి ఎనిమిది రెట్లు మురికిగా ఉండవచ్చు.

లెక్కకు రాని మరణం

2020 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వెలువడిన అధ్యయనం, 2019లో మన దేశంలో వాయు కాలుష్యం వల్ల సంభవించిన మరణాలను సుమారు 16.7 లక్షలుగా అంచనా వేసింది. అందులో దాదాపు 6 లక్షలు ఇంటిలోపలి పొగ వల్లనే. ఇన్ని మరణాలలో ఒక్కదానికైనా "కారణం: గాలి" అని రాసిన ధ్రువపత్రం నేను చూడలేదు. నేను సంతకం చేసిన పత్రాలలోనూ లేదు. గుండెపోటు అని రాశాము, శ్వాస వైఫల్యం అని రాశాము. అవి అబద్ధాలు కావు. కాని ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న దగ్గర మా కలం ఆగిపోయింది.

లండన్‌లో రద్దీ రహదారి సమీపంలో నివసించిన ఎల్లా కిస్సీ డెబ్రా అనే బాలిక తీవ్రమైన ఉబ్బసంతో 2013లో తొమ్మిదేళ్ళ వయసులో మరణించింది. మొదటి విచారణలో గాలి ప్రసక్తి రాలేదు. తల్లి పట్టు విడవలేదు. 2020 డిసెంబరులో జరిగిన రెండవ విచారణ, ఆమె మరణానికి వాయు కాలుష్యం కూడా కారణమని తేల్చింది. ఒక తల్లి ఏడేళ్ళు పోరాడితే తప్ప ఆ మాట కాగితం మీదికి రాలేదు.

కాగితం మీదికి రాని జబ్బుకు నిధులు రావు, నివారణ రాదు. అందుకే నా అభిప్రాయం ఇది: ఆసుపత్రి కేసు షీటులో పొగ తాగే అలవాటు పక్కనే మరి మూడు ప్రశ్నలు తప్పనిసరిగా ఉండాలి. ఏ పొయ్యి మీద వండుతారు? ఏ పని చేస్తారు? ఇంటి దగ్గర ఏం మండుతుంది? ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం కూడా వీటిని అడగాలి. దీనికి కొత్త యంత్రం అక్కరలేదు, ఒక నిమిషం చాలు.

"గ్యాస్ వచ్చింది కదా డాక్టరుగారూ" అని మీరనవచ్చు. నిజమే. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం ఎన్నో వంటిళ్ళకు సిలిండరును చేర్చాయి. అది గొప్ప మేలు. కాని సిలిండరు అయిపోయాక మళ్ళీ నింపించడానికి డబ్బు లేక, స్నానాల నీళ్ళకు, అన్నానికి కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కనెక్షను ఉన్నదా అని అడిగి సరిపెట్టుకుంటే, నేను చేసిన పొరపాటే మరొక రూపంలో చేసినట్లవుతుంది. నిన్న దేని మీద వండారని అడగాలి.

మీరు చేయగలిగినవి

వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. కట్టెల పొయ్యి, రాతి క్వారీ పని, ఇంటి ఎదుట డంపింగు యార్డు, ఏదైనా సరే. పొగ తాగని వారికైనా ఏటా ఆయాసం వస్తుంటే స్పైరోమెట్రీ పరీక్ష గురించి అడగండి.

కట్టెల పొయ్యి తప్పనప్పుడు ఎండిన కట్టెలే వాడండి. పొయ్యిని గాలి ఆడే చోటికి మార్చండి. పసిబిడ్డను, గర్భిణిని దానికి దూరంగా ఉంచండి. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించి నిద్రపోకండి, దోమతెర మేలు.

చెత్తను తగలబెట్టకండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు దానిని నిషేధించాయి. వీధిలో ఎవరైనా కాలుస్తుంటే, తగవు పడకుండా, మర్యాదగా చెప్పండి. ఉబ్బసం ఉన్నవారు దుమ్ములోకి వెళ్ళవలసివస్తే ముఖానికి సరిగా అమరే ఎన్95 మాస్కు వాడండి. చేతిరుమాలు సూక్ష్మ కణాలను ఆపలేదు.

"గాలిని మనం మార్చగలమా?" అని నిరాశ పడనక్కరలేదు. 1952 డిసెంబరులో లండన్‌ను బొగ్గు పొగ కమ్మి వేలాదిమంది మరణిస్తే, 1956లో అక్కడ స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది. మన దేశంలో పెట్రోలులో సీసం కలపడం 2000లో ఆగిపోయింది. ఈ రెండు మార్పులకూ ముందు, జబ్బుకు కారణం గాలిలో ఉన్నదని ఎవరో గుర్తించి, రాసి, నలుగురికీ చెప్పారు.

ఆ పల్స్ పోలియో ఆదివారం తరువాత కొద్ది నెలలకే నాకు బదిలీ అయింది. ఆ తల్లి కేసు షీటును నేను సరిదిద్దలేదు. ఆమె ఒడిలోని మనుమరాలు ఈనాటికి పెళ్ళీడు దాటి, తన పిల్లలకు తానే వండిపెడుతూ ఉంటుంది. ఆమె దగ్గుతో ఏ ఆసుపత్రికైనా వెళితే, అక్కడి యువ వైద్యుడు నేను అడగని ప్రశ్న అడగాలని నా కోరిక.