చెప్పక విడిచిన మాట

బ్యాంకు మొదలగు ఉద్యోగపరీక్షలలో రీజనింగు క్రింద "ప్రకటన–ఊహన" అను ప్రశ్నలు వచ్చుచుండును. ఒక వాక్యమిచ్చి, అది చెప్పినవాడు పైకి చెప్పకయే మనస్సులో ఒప్పుకొనియున్నదేదో గుర్తింపుమందురు. నా మనుమడు లెక్కలలో గట్టివాడయ్యును ఇక్కడ తడబడుచున్నాడు. నేను మెట్రిక్యులేషను వరకే చదివినవాడను. అయినను ముప్పది యేండ్లకు పైగా కచేరీలో దస్త్రములు చూచిన అనుభవముతో వానికి చెప్పిన ఉపాయమును కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబములవారి యెదుట ఉంచుచున్నాను.

రాయగడలో ఒక దుకాణదారు "ఇచ్చట తెలుగు పత్రికలు అమ్మబడును" అని తెలుగులో బోర్డు కట్టెననుకొందము. ఆయన ఊహించినదేమి? ఆ దారిని పోవువారిలో కొందరైనను తెలుగు చదువగలరని. ఆ మాటను తిరుగవేసి చూడవలెను. "ఎవరికిని తెలుగు చదువరాదు" అన్నచో బోర్డు వ్యర్థమగును. కనుక అది ఊహనయే. "ఊరిలో అందరును తెలుగువారే" అనునది ఊహన కాదు, కొందరున్న చాలును. "రాయగడ జిల్లా ఆంధ్రప్రదేశ్‌ను ఆనుకొనియున్నది" అనునది నిజమే గాని, బోర్డునకు దానితో పనిలేదు. నిజమైనదెల్ల ఊహన కాదు. మావాడు తప్పుచున్నది ఇక్కడనే. "అందరు", "మాత్రమే" అను మాటలు కనబడినచో రెండుమార్లు చదువుమంటిని.

పిదప ఒక తెలుగు పత్రిక చేతికిచ్చి శీర్షిక చదువుమంటిని. చదువలేకపోయెను. ఇంట తెలుగే మాట్లాడును. బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్చెను. తప్పు వానిది కాదు. 1936 ఏప్రిల్ 1న కొరాపుట్ ప్రాంతము మద్రాసు ప్రెసిడెన్సీనుండి ఒరిస్సాలో చేరినది; 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయినది. హద్దులు మారినను ఇంటి మాట నిలిచినది గదా, అక్షరములు వాటంతటవే వచ్చునని మేము ఊహించితిమి. ఆ ఊహను తిరుగవేసి చూచినవారము కాము.

2023లో స్టాఫ్ సెలక్షన్ కమిషను వారు మల్టీ టాస్కింగ్ పరీక్షను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషలలో నిర్వహించిరి. ఆ సౌకర్యము వెనుకనున్న ఊహన ఏదో పాఠకులే గ్రహింపగలరు.

కావున పెద్దలు రోజుకొక అరగంట పిల్లలచేత తెలుగు పత్రిక చదివించి, ప్రతి వార్తలోను చెప్పక విడిచిన మాట యేదో అడుగవలెనని కోరుచున్నాను. తర్కమును అబ్బును, అక్షరమును అబ్బును.

ఇట్లు,
ఒక పింఛనుదారు, రాయగడ