మంచుబండి మొరాయిస్తే...

వానాకాలంలో స్కూటరు స్టార్టు కాకపోతే మనమేం చేస్తాం? ఓ పక్కకు వంచుతాం. నాలుగు కిక్కులు కొడతాం. ప్లగ్గు తీసి తుడిచి మళ్లీ బిగిస్తాం. అప్పటికీ దారికి రాకపోతే తిట్టుకుంటూ ఆటో ఎక్కుతాం. మహా అయితే ఆఫీసుకు ఆలస్యమవుతుంది. అదే కెనడా ఉత్తర ప్రాంతంలో, కనుచూపు మేరలో ఇల్లూ వాకిలీ లేని మంచు మైదానంలో, మైనస్ 40 డిగ్రీల చలిలో బండి మొరాయిస్తే? అక్కడ ఆటో రాదు. ఆ బండి కదిలితేనే ఇల్లు, కదలకపోతే ప్రాణం మీదకే!

ఆ బండి పేరు స్నోమొబైల్. ముందు చక్రాల బదులు రెండు స్కీలు, వెనక చక్రాల బదులు గిరగిరా తిరిగే రబ్బరు పట్టా. గుల్మార్గ్ వెళ్లిన మనవాళ్లు ఎక్కి ఫొటోలు దిగేది దీనిమీదే. మనకది సరదా. మంచుదేశాల్లో మాత్రం అదే అంబులెన్సు, అదే ఎద్దుబండి.

అసలు దాని కథే ఓ కన్నీటి చుక్కతో ముడిపడి ఉంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, వాల్‌కోర్ అనే చిన్న ఊళ్లో జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ అనే మెకానిక్కు ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి అపెండిసైటిస్ ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. తండ్రి అప్పటికే మంచుమీద నడిచే బండి కోసం ప్రయోగాలు చేస్తున్నా, అది ఇంకా పరుగెత్తే స్థితికి రాలేదు. బాబును ఆస్పత్రికి చేర్చలేకపోయారు. ఆ తర్వాత ఆ తండ్రి పట్టు వదల్లేదు. 1937లో తన పట్టా చక్రానికి పేటెంటు సంపాదించి, ఏడుగురు కూర్చునే మంచుబండిని తయారుచేశాడు. 1959లో ఒకరిద్దరు ఎక్కే తేలికపాటి 'స్కీ-డూ' వచ్చింది. ఆ పేరు మంచుదేశాల్లో ఇంటింటి మాటైపోయింది.

ఇక అసలు సంగతికొద్దాం. బండి స్టార్టు కాలేదు. ఎక్కడ వెతకాలి?

పాతకాలపు మంచుబండికీ మన పాత స్కూటరుకీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండూ టూస్ట్రోక్ ఇంజిన్లే. రెండింటికీ పెట్రోల్లో ఆయిలు కలవాల్సిందే. కిక్కు రాడ్డు బదులు దీనికి చేత్తో లాగే తాడుంటుంది. కాబట్టి వైద్యం కూడా మనకు తెలిసిందే. అయితే చలి అక్కడ ప్రతి చిన్న లోపాన్నీ పెద్దది చేస్తుంది.

మెకానిక్కులు మొదట చూసేది ఇంజిన్ని కాదు, స్విచ్చిని. హ్యాండిల్ మీద ఇంజిన్ని ఆపే ఎర్ర మీట ఒకటుంటుంది. నడిపేవాడి కోటుకు తగిలించే రక్షణతాడు మరొకటి. మనిషి కిందపడితే ఆ తాడు ఊడి బండి దానంతటదే ఆగిపోవాలని ఈ ఏర్పాటు. ఆ మీట నొక్కి ఉన్నా, తాడు సరిగా కూర్చోకపోయినా ఎంత లాగినా లాభం లేదు. మందపాటి గ్లవుజులేసుకున్న చేతులకు ఆ సంగతి తెలియకపోవచ్చు. అందుకే ముందు కళ్లతో చూడాలి.

ఆ రెండూ సరిగ్గా ఉంటే మిగిలినవి మూడే ప్రశ్నలు. పెట్రోలు అందుతోందా? నిప్పురవ్వ పుడుతోందా? లోపల ఒత్తిడి ఉందా?

మొదటిది పెట్రోలు. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. చలికాలంలో తడిబట్టలు త్వరగా ఆరనట్టే, గడ్డకట్టే చలిలో పెట్రోలూ సరిగా ఆవిరి కాదు. అందుకే చోక్ లాగి మామూలు కన్నా ఎక్కువ పెట్రోలు పంపాలి. కానీ చోక్ అలాగే వదిలేసి తాడు లాగుతూపోతే ఓవర్‌ఫ్లో అవుతుంది. ట్యాంకులో చేరిన నీటిచుక్క మరో దొంగ. అది పైపులో గడ్డకట్టి దారి మూసేస్తుంది. ట్యాంకును నిండుగా ఉంచితే లోపల తేమ చేరే చోటు తగ్గుతుంది. వేసవంతా షెడ్డులో పడున్న బండైతే కార్బురేటర్లో పాత పెట్రోలు జిగురుగా మారి సన్నని రంధ్రాల్ని పూడ్చేస్తుంది.

రెండోది నిప్పురవ్వ. ఇక్కడ సాక్షి ప్లగ్గే. నాలుగైదుసార్లు లాగాక తీసి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదని అర్థం. తడిసి ముద్దైతే పెట్రోలు వస్తోంది, కానీ మండటం లేదు. అంటే ఓవర్‌ఫ్లో అయిందో, నిప్పే పుట్టడం లేదో! చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి లాగితే ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది. అప్పటికీ కదలకపోతే కొత్త ప్లగ్గు వేసి చూడటం అన్నిటికన్నా తేలిక. జేబులో పట్టేంత వస్తువది. వెలుతురు కోసం అగ్గిపుల్ల మాత్రం గీయకండి, చుట్టూ పెట్రోలు ఆవిరి ఉంటుంది.

సెల్ఫ్ స్టార్టు ఉన్న కొత్త బండ్లకు బ్యాటరీ బెంగ. గడ్డకట్టే చలిలో బ్యాటరీ శక్తి సగానికి సగం పడిపోతుంది. ఛార్జింగు లేని బ్యాటరీలోని ద్రవమైతే ఏకంగా గడ్డకడుతుంది.

మూడోది ఒత్తిడి. తాడు లాగుతుంటే చేతికి బిగువు తగలాలి. బొక్కెన తెగిపోయిన చేదతాడులా తేలిగ్గా వచ్చేస్తే పిస్టనో, రింగులో పాడయ్యాయన్నమాట. మంచులో కూర్చుని చేయగలిగే రిపేరు కాదది. ఇక ప్రయత్నం మానేసి బండి దగ్గరే ఉండి, గాలి తగలకుండా మంచుతో అడ్డు కట్టుకోవాలి. తెల్లటి మైదానంలో నడిచే మనిషి కన్నా ఆగిన బండే వెతికేవాళ్లకు త్వరగా కనిపిస్తుంది.

ఈ వరుసంతా ఎందుకు చెప్పుకోవాలంటే, కంగారులో మనిషి చేసే మొదటి పని ఆగకుండా తాడు లాగడం. ఇరవైసార్లు, ముప్పైసార్లు! చెమట పడుతుంది. మన ఊళ్లో చెమట పడితే చల్లబడతాం, అంతే. అక్కడ ఆ చెమటే బట్టల్ని తడిపి, కాస్త ఆగగానే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. బండిని బతికించబోయి మనిషి చలికి బలైపోతాడు. అందుకే ఐదుసార్లు లాగి ఆగాలి, ఆలోచించాలి, చూడాలి. బలం కన్నా వరుస ముఖ్యం.

1960లలో ఈ బండి రావడంతో కెనడా ఇన్యూట్ వేటగాళ్లు కుక్కబండ్లను క్రమంగా వదిలేశారు. ఫిన్లాండ్ ఉత్తరాన రెయిన్‌డీర్లు కాసుకునే సామీ జనం బతుకు ఈ బండితో ఎలా మారిపోయిందో పెర్టీ పెల్టో అనే మానవశాస్త్రవేత్త 1973లో ఓ పుస్తకమే రాశారు. వేగం పెరిగింది, నిజమే. దాంతోపాటు పెట్రోలు ఖర్చూ, విడిభాగాల బెడదా వచ్చాయి. కుక్కకు ప్లగ్గు మార్చక్కర్లేదు. మంచు తుపానులోనూ అది ఇంటిదారి పడుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి వేటగాళ్లే మెకానిక్కులయ్యారు. దొరికిన చెక్కతో, తీగతో బండి బాగుచేసుకుని ఇల్లు చేరడం అక్కడ వేట ఎంతో అంత విద్య.

వాళ్లు పాటించే జాగ్రత్తలు మాత్రం ఏ దేశంవాళ్లకైనా పనికొస్తాయి. ఒంటరిగా వెళ్లకూడదు, రెండు బండ్లుండాలి. అదనపు ప్లగ్గులు, బెల్టు, పొడి అగ్గిపెట్టె, పొడి బట్టలు వెంట ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజిను నడపకూడదు, విషవాయువు నిండిపోతుంది. ఎటు వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో ఎవరికైనా చెప్పి బయల్దేరాలి.

కెనడాలోనో, అమెరికాలోని మిన్నెసోటాలోనో మీ పిల్లలుంటే శీతాకాలం సెలవుల్లో ఈ బండి అద్దెకు తీసుకోవాలని సరదాపడొచ్చు. వద్దనకండి. ఫోన్లో 'అన్నం తిన్నావా?' అని అడిగాక, 'ఎక్కడికెళ్తున్నావో అక్కడ ఎవరికైనా చెప్పావా?' అని కూడా అడగండి.