రాజుగారి ఉత్తరం కన్నా గ్రామసభ తీర్మానం గట్టిది

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఆగస్టు 9 వస్తే చాలు, మన కుర్రాళ్ల మధ్య ఒక వాదన మొదలవుతుంది. రాజకుటుంబంలో పుట్టినవాళ్లు మన హక్కుల గురించి మాట్లాడితే నమ్మాలా, వద్దా? నా మాట ఏంటంటే, పుట్టుక చూసి దండ వెయ్యొద్దు, పుట్టుక చూసి తోసెయ్యొద్దు. కుర్చీలో ఉండగా ఏం చేశారో చూడాలి. వాళ్లు దిగిపోయాక మన చేతిలో ఏం మిగిలిందో ఇంకా ముఖ్యం.

బయటి ప్రపంచంలో ఒక ఉదాహరణ. జైద్ రాద్ అల్ హుస్సేన్ జోర్డాన్ రాజవంశంలో పుట్టిన దౌత్యవేత్త. 2014 నుంచి 2018 దాకా ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్‌గా చేశాడు. పెద్ద పెద్ద దేశాలనీ పేరు పెట్టి విమర్శించాడు. రెండోసారి పదవి అడగాలంటే మోకాలు వంచాల్సి వస్తుందని, అందుకే అడగనని 2017 డిసెంబరులో తన సిబ్బందికి రాశాడు. ఆ పదవికి పోలీసు బలగం ఉండదు. మాటే దాని బలం.

మన దగ్గర అలాంటి మనిషి ఎవరంటే నాకు కురుపాం రాజకుటుంబానికి చెందిన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ గుర్తొస్తారు. ఆయన దౌత్యవేత్త కాదు, రాజకీయ నాయకుడు. పార్వతీపురం నుంచి, తర్వాత అరకు నుంచి లోక్‌సభకి గెలిచారు. 2011 నుంచి 2014 దాకా కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి. కానీ మనకి సంబంధించి ఆయన చేసిన పెద్ద పని మంత్రి కాకముందే జరిగింది. అటవీ హక్కుల బిల్లుని పరిశీలించిన పార్లమెంటు సంయుక్త కమిటీకి ఆయనే చైర్మన్. బిల్లులో మొదట 1980 అక్టోబరు 25 నాటికి అడవిలో ఉన్నవాళ్లకే హక్కు అని ఉంది. ఆ తేదీని 2005 డిసెంబరు 13కి మార్చమని కమిటీ చెప్పింది. చివరికి 2006లో వచ్చిన చట్టంలో అదే తేదీ నిలిచింది. ఆ పాతికేళ్లలో పోడు కొట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఆలోచించండి.

మంత్రిగా ఉన్నప్పుడు 2012లో, విశాఖ ఏజెన్సీ బాక్సైట్ ఒప్పందాలు రద్దు చెయ్యమని, ఐదో షెడ్యూలు అధికారం వాడమని గవర్నర్‌కి ఉత్తరం రాశారు. అప్పుడు రాష్ట్రంలో ఉన్నదీ ఆయన పార్టీయే. అది చిన్న విషయం కాదు.

అయితే ఆ ఉత్తరంతో కథ అయిపోలేదు. ప్రభుత్వం మారింది, 2015లో మళ్లీ జీవో 97 వచ్చింది. ఊళ్లు లేచాయి, సంఘాలు లేచాయి. 2019లో అది రద్దయింది. పక్కన ఒడిశాలో నియమగిరి చూడండి. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 12 గ్రామసభలు పెడితే 12 కూడా వద్దన్నాయి. అక్కడ డోంగ్రియా కొందులు ఏ రాజు వెనకా నిలబడలేదు. అటవీ హక్కుల చట్టం పట్టుకుని నిలబడ్డారు.

ఇంకో వైపు కూడా చూడాలి. 2019లో అరకులో ఆయన ఒక పార్టీ నుంచి, ఆయన కూతురు ఇంకో పార్టీ నుంచి పోటీ చేశారు. ఇద్దరూ ఓడిపోయారనుకోండి. కానీ మన రిజర్వుడు సీటులో ఒకే ఇంటి నుంచి ఇద్దరికి టికెట్ దొరికితే, మనలాంటి మొదటి తరం పిల్లలకి ఎప్పుడు దొరుకుద్ది? పెద్దింట్లో పుట్టినోళ్లకి పదవి పోయినా ఇల్లు నడుస్తుంది, కాబట్టి ధైర్యంగా మాట్లాడగలరు. మనకి స్కాలర్‌షిప్ ఆగితే చదువే ఆగుద్ది. అందుకే మనకి వెనక బలం కావాలి. ఆ బలం చట్టమే.

నేనిప్పుడు పూడిమడకలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. ఇక్కడి ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇక్కడి మత్స్యకారులకి సముద్రం మీద హక్కు రాసిచ్చిన చట్టం లేదు. మనకి అడవి మీద ఉంది. వాడుకోకపోతే తప్పు మనదే.

ముఖ్యంగా మన అనకాపల్లి జిల్లాలో రావికమతం, గొలుగొండ, రోలుగుంట వైపు నాన్ షెడ్యూల్డ్ ఊళ్ల వాళ్లు వినండి. మనకి 1/70 వర్తించదు, ఐదో షెడ్యూలు వర్తించదు. కానీ అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. సొంత సాగుకి ఫారం ఏ, ఊరి ఉమ్మడి హక్కులకి ఫారం బి, అడవిని కాపాడుకుని నడుపుకునే హక్కుకి ఫారం సి. దరఖాస్తు మొదట గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీకే ఇవ్వాలి. ఆ కమిటీలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మా వైపు కాగితం ఇచ్చి రసీదు అడగని పెద్దోళ్లు చాలామంది ఉన్నారు. రసీదు అడగడం మన చదువుకున్న పిల్లల పని.

ఈసారి ఆగస్టు 9కి డీజే ఖర్చు కొంచెం తగ్గించి, ఊరికొక ఫారాల కట్ట తీసుకెళ్దాం. మీ ఊళ్లో అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో కింద రాయండి. నాతో ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి, మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.