గుడి దగ్గరే ఆగకండి
ఊరికి స్నేహితుడొస్తే భద్రాచలంలో రాముడి దర్శనం, రామదాసు చేయించిన నగలు, ఓపికుంటే పర్ణశాల చూపించి బస్సెక్కించేస్తాం. అది చాలదు. కూనవరం దాకా తీసుకెళ్లాలి. శబరి గోదావరిలో కలిసేది అక్కడే. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరున 2014లో ఆంధ్రలో కలిపిన మండలాల్లో అదీ ఒకటి. భద్రాచలం పొలిమేర దాటి ఎటపాకలో అడుగుపెడితే రాష్ట్రమే మారిపోతుంది. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగుల గోదావరిని చూసిన మనుషులు ఈ ముంపు మండలాల వాళ్లు. వరదొస్తే గట్టెక్కి మళ్లీ ఇంటికొచ్చేవాళ్లు. ప్రాజెక్టు నీళ్లు నిలిస్తే రావడానికి ఇల్లుండదు. కోయ పల్లెల్లో సంత జరుగుతుండగానే, ఇప్పపువ్వూ చింతపండూ అమ్మేవాళ్లతో మాట్లాడుతుండగానే మన స్నేహితులు ఈ నేలను చూడాలి. పాపికొండల లాంచీ టికెట్టు తర్వాత కొనుక్కోవచ్చు.