మూసీ ఒడ్డున బాట సరే, నీళ్ల మాటేమిటి?

మూసీ ఒడ్డు పొడుగునా తోటలు పెంచుతామనీ, నడకబాటలు వేస్తామనీ తెలంగాణ ప్రభుత్వం చెబుతోంది. హైదరాబాదు పరిధిలో సుమారు 55 కిలోమీటర్ల పొడవున ఈ పని తలపెట్టారు. ప్రజల భాగస్వామ్యం అనే మాట కూడా గట్టిగానే వినబడుతోంది. నది బాగుపడుతుందంటే కాదనేవాళ్లం మేము కాదు. మురికినీళ్లలో మోకాటిలోతు దిగి నాట్లేసే కూలీ ఆడవాళ్ల కన్నా మంచి మూసీని కోరుకునేవాళ్లు ఇంకెవరుంటారు? మేము అడిగేది ఒక్కటే: ఈ భాగస్వామ్యం ఎవరికీ ఎవరికీ మధ్య?

మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. హైదరాబాదు నడుమగా పారి, కిందనున్న జిల్లాలు దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పొడవు దాదాపు 240 కిలోమీటర్లు. బాట పడేది అందులో నాలుగో వంతు కూడా లేదు. పైన వాననీరు మోసుకొచ్చే వాగులూ, కింద ఆ నీటిని పొలాలకు మళ్లించే కత్వలూ, కాల్వలూ కలిస్తేనే మూసీ. వాటిని వదిలేసి ఒడ్డుకు సోకులు చేయడమంటే పునాది కుంగుతుంటే గోడకు సున్నం కొట్టడమే.

పైనున్న వాగుల సంగతే చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాలతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ లేచాయి. ఆ రెండింటికీ నీళ్లొచ్చే దారులు కాపాడాలని 1996లో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు కూడదన్నారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 పేరుతో ఆ కట్టుబాటుకే గండి కొట్టారు. 2025 సెప్టెంబరు ఆఖర్లో జలాశయాల గేట్లెత్తితే ఇమ్లీబన్ బస్టాండులోకి వరద వచ్చిపడింది. పైన వాగులను ప్లాట్లు చేసి అమ్ముకుంటూ, కింద ఒడ్డున పూలమొక్కలు నాటితే ఆ మొక్కలు ఎన్ని వానాకాలాలు నిలుస్తాయి?

ఇక నీటి సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో హైదరాబాదు నుంచి నల్లగొండ దాకా మూసీని దేశంలో అధ్వాన్నంగా చెడిపోయిన నదీభాగాల మొదటి వరసలో చేర్చింది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. ఇంకా కొత్తవి కడుతున్నారు, మంచిదే. కానీ ఇటువంటి కేంద్రాలు ముఖ్యంగా ఇళ్ల నుంచి వచ్చే మురుగు కోసం పెట్టినవి. అందులోని కుళ్లును సూక్ష్మజీవులు తినేస్తాయి. మందుల ఫ్యాక్టరీల రసాయనాలను అవి పూర్తిగా అరిగించుకోలేవు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లను 18 కిలోమీటర్ల గొట్టం వేసి హైదరాబాదు మురుగులో కలిపారు. ఒక వాగు మీది బరువు దించి ఇంకో నది నెత్తిన పెట్టడం కాపాడటం ఎట్లా అవుతుంది? ఎవడి విషం వాడి గేటు లోపలనే విరగాలి.

కింద పల్లెల బాధ వేరు. పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి, బునాదిగాని కాల్వల కింద రైతుకు మూసీ నీళ్లే దిక్కు. అదే నీటితో వరి పండుతుంది, అదే నీటితో కూలీల కాళ్లకు దురదలు, పుండ్లు వస్తాయి. పట్నం పాలడెయిరీలకు పోయే పచ్చగడ్డి కూడా ఆ ఒడ్డునే పెరుగుతుంది, దాన్ని కోసేదీ కూలీలే. అందుకే "మురుగు ఆపేస్తాం" అంటే సంతోషంతో పాటు గుబులూ పుడుతుంది. మురుగు ఆపి నీళ్లు కూడా ఆపేస్తే కత్వలు ఎండుతాయి, నాట్లు ఉండవు, కూలి ఉండదు. కావలసింది శుద్ధి చేసిన నీళ్లు, అదీ ఇప్పటికన్నా చుక్క తగ్గకుండా. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి వలిగొండ మండలం సంగెంలో మూసీ ఒడ్డున నడిచారు. ఆ నడక పొలాల నీటివాటా దాకా సాగాలి.

ఒడ్డున బతికే పేదల గతేమిటి? 2024 సెప్టెంబరులో ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో "ఆర్‌బీ ఎక్స్" అని రాసి పోయారు. కొందరిని రెండు పడకగదుల ఇళ్లకు పంపారు. ఇల్లు దొరికితే సరిపోదు. పని దగ్గర ఉండాలి, పిల్లల బడి దగ్గర ఉండాలి. పల్లెలో పని లేక పట్నం పోయినవాళ్లు వాళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లు మనవాళ్లే. 2024 అక్టోబరులో మన మంత్రులు సియోల్ పోయి అక్కడి చోంగ్‌గేచోన్ వాగును చూసొచ్చారు. రోడ్డు కింద పూడ్చిన ఆ వాగును 2005 నాటికి మళ్లీ తెరిచారు. అయితే అందులో పారేవి చాలావరకు పంపులతో తోడి పోసే నీళ్లు. ఒడ్డున అమ్ముకు బతికే చిన్న వ్యాపారులు అక్కడా చెదిరిపోయారు. చూసొచ్చినవాళ్లు ఆ సగం కూడా చెప్పాలి.

చట్టం మన పక్కన లేదని అనుకోవద్దు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే చోట సెంటు భూమి లేకున్నా, అంతకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో ప్రధానంగా కూలి మీద, కౌలు మీద బతికి, ఇప్పుడు ఆ బతుకుదెరువు కోల్పోయే కుటుంబం కూడా బాధిత కుటుంబమే. సామాజిక ప్రభావ అంచనా జరిపి ప్రజల మాట వినాలని కూడా ఆ చట్టమే చెప్పింది. ఈ సంగతి ప్రతి కూలీకి తెలియాలి.

కాబట్టి మేము కోరేది ఇది. వాగుల హద్దులు కొలిచి రాళ్లు పాతండి, జలాశయాల పై వాగుల రక్షణను తిరిగి నిలబెట్టండి. ఫ్యాక్టరీ నీళ్లు మురుగులో కలవకుండా ఆపండి. కత్వలకు నీటివాటా రాతపూర్వకంగా ఇవ్వండి. వాగుల పూడికతీత, గట్ల మీద చెట్ల పెంపకం ఉపాధి పనుల్లో చేర్చి ఊరి కూలీలకే ఇవ్వండి. ఒడ్డువాసులూ, కింది ఊళ్ల రైతుకూలీలూ సగం మంది ఉండే కమిటీలు వేయండి. నీటి పరీక్షల లెక్కలు పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించండి.

కూలీ మిత్రులారా! ఈ ఆరు కోరికలను గ్రామసభలో తీర్మానం చేసి పంపండి. ఒక్క ఊరు అడిగితే కాగితం బుట్టలో పడుతుంది. కత్వ కింద ఊళ్లన్నీ కలిసి అడిగితే అధికారే ఊరికి వస్తాడు. ఒడ్డున బాట పడనీయండి. ఆ బాట మీద నడిచే హక్కు మనకూ ఉండాలి, దాని పక్కన పారే నీళ్లు మన మడిలోకి శుభ్రంగా రావాలి.