చవక ప్రొటీన్ బార్... నాలుకకో పరీక్ష, లేబుల్‌కో పరీక్ష!

సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టే కౌంటర్ పక్కన ఒకప్పుడు చాక్లెట్లు, చూయింగ్‌గమ్‌లే కనిపించేవి. ఇప్పుడు వాటి మధ్యన ప్రొటీన్ బార్లూ చేరాయి. పేరున్న కంపెనీలవే కాదు... స్టోర్లు తమ సొంత పేరుతో అమ్మే చవక రకాలూ వస్తున్నాయి. ‘చాక్లెట్ కన్నా ఇదే నయం కదా’ అనుకుంటూ పిల్లాడి బ్యాగులో ఒకటి పెడుతున్నారా? హాస్టల్లో ఇంటర్ చదివే అమ్మాయికి డబ్బా నిండా కొని పంపుతున్నారా? అయితే కొనే ముందు రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి నాలుకతో, రెండోది లేబుల్‌తో.

లోటు నిజమే... దారే ప్రశ్న

ప్రొటీన్ మోజు ఊరికే రాలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. మనకు రోజూ అందే కేలరీల్లో 50 నుంచి 70 శాతం బియ్యం, గోధుమల వంటి ధాన్యాల నుంచే వస్తున్నాయని అందులో తెలిపింది. పప్పులు, మాంసం, చేపలు అన్నీ కలిపినా 6 నుంచి 9 శాతమే. ఉండాల్సిందేమో 14 శాతం. అన్నం కొండంత, పప్పు గరిటెడు అన్నట్టుండే మన కంచాలకు ఈ మాట బాగానే వర్తిస్తుంది.

ఈ లోటునే మార్కెట్ అందిపుచ్చుకుంది. ప్రొటీన్ లస్సీ, ప్రొటీన్ బిస్కెట్, ప్రొటీన్ చిప్స్... 2025లో మెక్‌డొనాల్డ్స్ సైతం దక్షిణ, పశ్చిమ భారతంలోని తన దుకాణాల్లో బర్గర్‌లోకి 5 గ్రాముల ప్రొటీన్ ఉండే స్లైస్‌ను తెచ్చింది. అయితే ఎన్‌ఐఎన్ మార్గదర్శకాల్లో ఇంకో మాట కూడా ఉంది. కండలు పెంచుకోవటానికి ప్రొటీన్ సప్లిమెంట్ల వెంట పడొద్దని. అంటే లోటును పూడ్చుకోవాల్సింది కంచంలో అన్నమాట.

‘హై ప్రొటీన్’ అంటే ఎంత?

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం- ఘన పదార్థం 100 గ్రాముల్లో రోజువారీ అవసరంలో 20 శాతం ప్రొటీన్ ఉంటే ‘హై ప్రొటీన్’ అని రాసుకోవచ్చు. 10 శాతం ఉంటే ‘ప్రొటీన్ లభిస్తుంది’ అనొచ్చు. పెద్దవారికి కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున లెక్కేస్తే, 65 కిలోల మనిషికి రోజుకు సుమారు 54 గ్రాముల ప్రొటీన్ కావాలి. అందులో 20 శాతమంటే 11 గ్రాముల లోపే!

ఇదెంత తక్కువో తెలియాలంటే మీ వంటింట్లోకి తొంగిచూడండి. 100 గ్రాముల గోధుమపిండిలో 10 గ్రాములకు పైనే ప్రొటీన్ ఉంటుంది. దాదాపు ‘హై ప్రొటీన్’ గీత దాకా వచ్చినట్టే. వేరుశనగల్లో 23 గ్రాములకు పైమాటే. మూడు పాళ్లు పల్లీలు, రెండు పాళ్లు బెల్లంతో చేసిన పల్లీపట్టీలో 14 గ్రాముల దాకా వస్తుంది. లెక్క ప్రకారం అదీ ‘హై ప్రొటీన్’ బారే! కానీ అందులో మూడో వంతు చక్కెర ఉంటుందన్నదీ మరవొద్దు. రేపర్ మీద పెద్దక్షరాలు చెప్పనిది సరిగ్గా ఇదే. ప్రొటీన్ ఎంతుందో చెబుతాయి గానీ, దాంతో పాటు ఏమేం వస్తున్నాయో చెప్పవు.

మరో విషయం. ఆ అంకె 100 గ్రాములకు. మీరు కొనే చిన్న బారు 35 గ్రాములే అయితే, ‘హై ప్రొటీన్’ అని రాసున్నా మీకు దక్కేది 4 గ్రాములే కావొచ్చు.

రేపర్ దాచి రుచి చూడండి

చవక రకం, ఖరీదైన రకం తెచ్చి ఇంట్లోవాళ్లకు పెట్టి చూడండి. ముందు రేపర్లు తీసేయండి. ముక్కలు కోసి, పళ్లేలకు అంకెలు వేయండి. పక్కనే మామూలు చాక్లెట్ ముక్క, పల్లీపట్టీ ముక్క కూడా ఉంచండి. ఒక్కోటి తిన్నాక నీళ్లతో నోరు పుక్కిలించి, కాసేపు ఆగి మరోటి తినమనండి. ధర, పేరు తెలిస్తే నాలుక కూడా వాటి పక్షమే వహిస్తుంది. అందుకే ఈ దాపరికం. ‘బాగుందా, లేదా’ అని మాత్రమే కాదు, నోట్లో ఎలా అనిపించిందో అడగండి. ప్రతి రుచి వెనకా ఒక పదార్థం ఉంటుంది.

* సున్నం పొడి నమిలినట్టు, నాలుకకు అంటుకుంటుంటే: ప్రొటీన్ పొడి గట్టిగానే కలిపారని అర్థం. రుచికి మైనస్, ప్రొటీన్‌కు ప్లస్ కావొచ్చు.
* పచ్చిగింజ వాసన, చివర్లో చిరుచేదు: సోయా ప్రొటీన్ కావొచ్చు. పాల నుంచి తీసే వే ప్రొటీన్ ఖరీదెక్కువ. అందుకే చవక బార్లలో సోయాకు చోటెక్కువ. ఇందులో తప్పేం లేదు. సోయా నాణ్యమైన ప్రొటీనే.
* మింగాక కూడా గొంతులో తీపి నిలిచిపోతే: సుక్రలోజ్, స్టీవియా వంటివి ఉన్నాయేమో చూడండి. బరువు తగ్గటానికి ఇలాంటి తీపి పదార్థాలను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో సూచించింది.
* నోట్లో చల్లగా తగిలితే: ఎరిత్రిటాల్, జైలిటాల్ వంటి షుగర్ ఆల్కహాల్స్ ఉండొచ్చు. మాల్టిటాల్ కూడా ఈ కోవలోదే. ఇవి ఎక్కువైతే కొందరికి కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి.
* మైనంలా అంగిలికి అతుక్కుంటే: అసలు చాక్లెట్ కాదు, వంటనూనె కొవ్వుతో చేసిన పూత కావొచ్చు.
* రాయిలా గట్టిపడితే: నిల్వ ఉన్నకొద్దీ ప్రొటీన్ బార్లు బిగుసుకుపోతాయి. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ సరకైతే తయారీ తేదీ తప్పక చూడండి.
* అచ్చం చాక్లెట్‌లా, అందరికీ తెగ నచ్చేస్తే: ఇదే ఎక్కువ అనుమానించాల్సిన రకం. ఎందుకు నచ్చిందో జవాబు లేబుల్ మీద ఉంటుంది.

వెనకవైపు తిప్పండి

పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలన్నది నిబంధన. మొదటి మూడింట్లో గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్, చక్కెర వంటివి కనిపిస్తే అది ప్రొటీన్ పేరు పెట్టుకున్న మిఠాయే. బెల్లం, తేనె, ఖర్జూరం ముద్ద అని ఉన్నా మొత్తం చక్కెర ఎంతో చూడాల్సిందే. చక్కెర గ్రాములు ప్రొటీన్ గ్రాములను మించిపోతే పక్కన పెట్టేయండి.

స్టోర్ సొంత సరకును చాలావరకు వేరే కంపెనీలే తయారుచేసి ఇస్తాయి. తయారీదారు పేరు, 14 అంకెల లైసెన్సు నంబరు రేపర్ మీద ఉంటాయి. ప్రకటనల ఖర్చు తక్కువ కాబట్టి ధర తగ్గుతుంది. కాబట్టి చవకైనంత మాత్రాన నాసిరకమని కొట్టిపారేయనక్కర్లేదు. అలాగని అంకెలను గుడ్డిగా నమ్మాల్సిన పనీ లేదు. కేరళ వైద్యులు కొందరు మన దేశంలో దొరికే 36 ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 70 శాతం వాటిల్లో లేబుల్ మీది ప్రొటీన్ అంకె సరిగా లేదని తేలింది. కొన్నింట్లో చెప్పినదాంట్లో సగమే ఉంది. అవి పొడులే, బార్లు కావు. కానీ బార్లలో కలిపేదీ ఇలాంటి పొడులనే కదా!

గ్రాముకు ఎన్ని రూపాయలు?

చవకా, ఖరీదా అన్నది బారు ధరతో తేలదు. ధరను ప్రొటీన్ గ్రాములతో భాగించండి. ఉదాహరణకు- 60 రూపాయల కంపెనీ బారులో 10 గ్రాముల ప్రొటీన్ ఉందనుకుందాం. గ్రాము 6 రూపాయలు పడింది. 35 రూపాయల స్టోర్ బారులో 4 గ్రాములే ఉంటే గ్రాముకు దాదాపు 9 రూపాయలు. చవకనుకున్నదే ఖరీదైందన్నమాట!

ఇప్పుడు గుడ్డును లెక్కేయండి. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్. 7 రూపాయలకు కొన్నా గ్రాము రూపాయికి కాస్త ఎక్కువ. గుప్పెడు వేయించిన శనగలు, ఉడకబెట్టిన పల్లీలు, గ్లాసుడు పాలు... ఒక్కోదాంట్లోనూ ఇంచుమించు అంతే ప్రొటీన్ ఉంటుంది. మీ ఊరి ధరలతో ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. నెలకు డబ్బా బార్లకు పెట్టే సొమ్ముతో ఇంటిల్లిపాదికీ రోజూ గుడ్డు పెట్టొచ్చేమో తేలిపోతుంది.

ఎవరికి పనికొస్తాయి?

బార్లు పూర్తిగా దండగ అనలేం. దూర ప్రయాణంలో, భోజనం దొరకని డ్యూటీల్లో, హాస్టల్లో రాత్రి చదువు మధ్య ఆకలేసినప్పుడు సమోసా, చిప్స్ కన్నా ఒక మంచి బారు మేలే. అప్పుడైనా చక్కెర కన్నా ప్రొటీన్ ఎక్కువుండి, గ్రాము ధర తక్కువ పడేదాన్ని ఎంచుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. మధుమేహులు ‘షుగర్ ఫ్రీ’ అన్న మాట చూసి ఆగిపోకుండా మొత్తం పిండిపదార్థాల లెక్కా చూసుకోవాలి. వేరుశనగ, పాలు, సోయా పడనివారు అలర్జీ హెచ్చరిక చదవాలి.

పిల్లల విషయంలో మాత్రం మరింత జాగ్రత్త. రోజూ చాక్లెట్ రుచి బారును ‘ఆరోగ్యం’ పేరుతో చేతికిస్తే, ఆరోగ్యమంటే తియ్యగానే ఉంటుందని నాలుక నేర్చుకుంటుంది. ఆ తర్వాత పప్పు, గుగ్గిళ్లు చప్పగా తోస్తాయి. వారంలో ఎప్పుడో ఒకటైతే ఫర్వాలేదు. అదీ చాక్లెట్ లెక్కలోనే, భోజనం లెక్కలో కాదు. బ్యాగులో రోజూ పెట్టాల్సింది వేయించిన శనగలో, ఉడికించిన గుడ్డో అయితే ప్రొటీన్ లోటూ తీరుతుంది, జేబుకు చిల్లూ పడదు.