పగిలిన ఊరగాయ గిన్నె

ఈ పత్రికలో నాలుగు పేజీలు తిప్పితే ఊరగాయల పేజీ వస్తుంది కదా, నేనూ ఊరగాయ గిన్నెతోనే మొదలుపెడతాను. కాకపోతే ఈ గిన్నె మన ఇళ్ళలోది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, మంచులో కూరుకుపోయే ఒక పల్లెటూళ్ళో, జీనా అనే ఆవిడ అల్మైరా పై అరలో ఉండేది. ఎర్రగాజు గిన్నె. పెళ్ళికి బంధువు ఒకావిడ ఫిలడెల్ఫియా నుంచి చదివించింది. ఇంటికి ఫాదిరీగారు భోజనానికి వచ్చినా జీనా దాన్ని కిందికి దించలేదు. ఏడాదికోసారి ఇల్లు దులిపేటప్పుడు మాత్రం తన చేత్తో తనే తీసి, తుడిచి, మళ్ళీ పైన పెట్టేసేది.

ఇలాంటి వస్తువు మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. నా దగ్గర ఆరు గాజు కప్పులున్నాయి, వాటిలో ఇంతవరకూ ఎవ్వరూ కాఫీ తాగలేదు!

ఈ గిన్నె ఉన్న నవల పేరు 'ఈథన్ ఫ్రోమ్'. 1911లో వచ్చింది. రాసినావిడ ఎడిత్ వార్టన్. మా అమ్మాయి డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకుంటే దాని పుస్తకాల్లో కనిపించింది. చిన్న పుస్తకమే. నా ఇంటర్ ఇంగ్లీషుతో, పక్కన డిక్షనరీ పెట్టుకుని, మధ్యాహ్నం పని అయ్యాక చదివితే పది రోజులు పట్టింది. అది బావుందని ఆవిడవే ఇంకో రెండు చదివాను.

కథ చెబుతాను వినండి. ఈథన్ అనే కుర్రాడు ఇంజనీరు అవుదామని కాలేజీలో చేరాడు. తండ్రి పోవడంతో చదువు మానేసి ఇంటికొచ్చాడు. చేను, రంపపు మిల్లు, జబ్బుపడ్డ తల్లి. ఆ తల్లికి సేవ చెయ్యడానికి వచ్చిన బంధువుల పిల్ల జీనా. ఇతని కంటే ఏడేళ్ళు పెద్దది. తల్లి పోయాక జీనా పెట్టె సర్దుకుంటుంటే, ఆ ఇంట్లో ఒక్కడే ఉండాలన్న భయంతో ఉండిపొమ్మన్నాడు. పెళ్ళయింది. అమ్మ శీతాకాలంలో కాక వసంతకాలంలో పోయి ఉంటే ఈ పెళ్ళి జరిగేది కాదేమోనని తర్వాత తర్వాత అనుకునేవాడట. ఒక మనిషి జన్మంతా ఆ చలి మీద ఆధారపడింది, చూడండి!

పెళ్ళయ్యాక ఊళ్ళో పొలం అమ్మేసి పట్నం వెళ్దామనుకున్నారు. కొనేవాడు దొరకలేదు. ఏడాది తిరక్కుండా జీనా మంచం పట్టింది. తర్వాత ఇంటిపనికి సాయంగా దిక్కులేని పిల్ల ఒకతి వచ్చింది, పేరు మాటీ. జీనాకి బంధువే. జీతం లేదు, తిండీ నీడా మాత్రమే. ఇక ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు. ఈథన్‌కి ఆ పిల్ల నవ్వు మీద ప్రాణం లేచొచ్చింది.

ఒక రోజు జీనా కొత్త డాక్టర్ని చూడాలని పొరుగూరు వెళ్ళింది, రాత్రికి రాదు. ఆ ఒక్క రాత్రి భోజనానికి మాటీ నిచ్చెన ఎక్కి ఆ ఎర్రగాజు గిన్నె దించి, అందులో ఊరగాయ వేసి బల్ల మీద పెట్టింది. వాళ్ళిద్దరి మధ్యా జరిగిన కాపురమల్లా ఆ ఒక్క భోజనమే. ముద్దులూ మురిపాలూ ఏమీ లేవు. పిల్లి బల్ల ఎక్కింది, గిన్నె కింద పడి ముక్కలైంది. ఈథన్ ఆ ముక్కల్ని అతికినట్టు పేర్చి పై అరలో పెట్టాడు, మర్నాడు జిగురు తెచ్చి అంటిద్దామని. జిగురు తెచ్చేసరికి జీనా వచ్చేసింది.

ఆవిడ తన మందుపొడి కోసం పై అర వెతికితే గిన్నె బయటపడింది. నవల మొత్తంలో జీనా గొంతు వణికి కళ్ళనీళ్ళు వచ్చేది అక్కడే. ముక్కలన్నీ దోసిట్లో పట్టుకుని, శవాన్ని మోస్తున్నట్టు గదిలోంచి వెళ్ళిపోతుంది. పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళందరూ జీనాని రాక్షసిగా చెబుతారని మా అమ్మాయి అంది. అది రాక్షసి పనేనా? వయసు పైబడ్డ పెళ్ళి, పిల్లల్లేరు, మొగుడు ఎవర్ని చూసి గడ్డం గీసుకుంటున్నాడో తెలుసు. ఆ ఇంట్లో పూర్తిగా తనది అని చెప్పుకోడానికి ఆ గిన్నె ఒక్కటే ఉంది. దాన్ని కూడా ఆ పిల్లే తీసింది. అలాగని మాటీ మాత్రం ఏం పాపం చేసింది? మర్నాడే బయటికి పొమ్మంటే వెళ్ళడానికి ఇల్లు లేదు.

ఈథన్ మాటీని తీసుకుని పారిపోదామనుకుంటాడు. రైలు ఖర్చుకి డబ్బు లేదు. కలప కొనే ఆసామిని ఏదో వంక చెప్పి యాభై డాలర్లు ముందుగా అడుగుదామని బయలుదేరతాడు. దారిలో ఆ ఆసామి భార్య కనబడి, నాయనా, నీకెన్ని కష్టాలొచ్చాయి, జీనా ఎలా ఉందని ఆప్యాయంగా పలకరిస్తుంది. ఇక అడగలేక వెనక్కి తిరుగుతాడు. ఆవిడ తిట్టి ఉంటే అడిగేవాడేమో! వార్టన్ నవలల్లో నాకు అన్నిటికంటే దడ పుట్టించింది ఇదే. తలుపుకి తాళం వేసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మన మేలు కోరేవాళ్ళే.

చివరికి ఇద్దరూ మంచు మీద జారుడుబండి ఎక్కి, చచ్చిపోదామని కావాలనే చెట్టుకి గుద్దుకుంటారు. చావు రాదు. మాటీ నడుము పడిపోతుంది, ఈథన్ కుంటివాడవుతాడు. మంచం మీదున్న జీనా లేచి వాళ్ళిద్దరికీ చాకిరీ చెయ్యడం మొదలుపెడుతుంది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఆ ఇంటికి వెళ్ళినవాడికి, ఒక ఆడమనిషి సణుగుడు వినబడుతుంది. తీరా చూస్తే ఆ సణుగుతున్నది జీనా కాదు, ఒకప్పుడు నవ్వుతూ ఉండే మాటీ. (1904లో వార్టన్ నివాసమున్న లెనాక్స్ అనే ఊళ్ళో జారుడుబండి ప్రమాదంలో ఒక అమ్మాయి చనిపోయింది, కొందరు గాయపడ్డారు. కథకి బీజం అక్కడిదంటారు.)

ఇంత పేదరికం గురించి రాసినావిడ పేదది కాదు సుమా. 1862లో న్యూయార్కులో బాగా కలిగినవాళ్ళింట పుట్టింది. కానీ చిన్నప్పుడు రాసుకోడానికి ఎవరూ కాగితాలు ఇచ్చేవాళ్ళు కాదట. సరుకుల పొట్లాలు చుట్టి వచ్చిన కాగితాలు అడిగి తీసుకుని వాటి మీద రాసేదట. పదకొండేళ్ళప్పుడు ఒక కథ మొదలుపెట్టింది. అందులో ఒకావిడ, మీరొస్తారని తెలిస్తే ముందుగది సర్దేదాన్నేనే అంటుంది ఇంకొకావిడతో. తల్లి అది చదివి, ముందుగది ఎప్పుడూ సర్దే ఉంటుంది అందట, అంతే. ఇక ఆ పిల్ల ఆ కథ ముట్టుకోలేదు. పెళ్ళయ్యేదాకా నవల చదవాలన్నా తల్లిని అడగాల్సిందే. 1885లో తనకంటే పన్నెండేళ్ళు పెద్దవాడితో పెళ్ళి. ఆవిడ అచ్చేసిన మొదటి పెద్ద పుస్తకం ఏమిటో తెలుసా? ఇల్లు అమర్చుకోవడం గురించి! 1897లో ఒక ఆర్కిటెక్టుతో కలిసి రాసింది.

ఆ సర్దిన ముందుగదుల లోపలి సంగతి 'ద ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్'లో ఉంది. 1920లో వచ్చింది, మర్నాటి ఏడాది పులిట్జర్ బహుమతి. నవలకి ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఈవిడే. కథాకాలం 1870లు. న్యూలాండ్ అనే లాయరుకి మే అనే అమ్మాయితో పెళ్ళి కుదిరింది. మేకి అక్క వరసైన ఎలెన్, యూరప్‌లో మొగుణ్ణి వదిలేసి పుట్టింటికొచ్చింది. విడాకులంటే వంశం పరువు పోతుందని, ఎలెన్‌కి నచ్చజెప్పమని న్యూలాండ్‌నే పంపుతారు ఇంటివాళ్ళు. అతను నచ్చజెబుతాడు, ఆవిడ సరేనంటుంది. ఆ తర్వాత ఆవిడ మీదే మనసు పడతాడు. అప్పటికి ఆవిడకి విడాకులు లేకుండా చేసింది అతనే కదా!

కేకలు లేవు, తన్నులు లేవు. ఎలెన్ మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళనందని ఒక దశలో ఆవిడకిచ్చే డబ్బు కత్తిరిస్తారు, అంతే. ఆఖరికి ఆవిడ యూరప్ వెళ్ళిపోతానంటే, మే తన ఇంట్లో వీడ్కోలు విందు చేస్తుంది. పెళ్ళయ్యాక ఆ అమ్మాయి చేసిన మొదటి పెద్ద విందు. వంటకి మనిషిని పెట్టించి, వడ్డనకి పొరుగింటి నౌకర్లని అరువు తెచ్చి, బంగారు అంచు కార్డులు, గులాబీలు. ఎలెన్‌ని న్యూలాండ్ పక్కనే కూచోబెట్టారు. బల్ల చుట్టూ ఉన్న నవ్వు మొహాలు చూస్తుంటే అతనికి అర్థమవుతుంది, వీళ్ళందరూ తమ ఇద్దరికీ సంబంధం ఉందనే అనుకుంటున్నారని, ఆవిణ్ణి మర్యాదగా సాగనంపడానికే ఈ పిండివంటలని. వంటా వడ్డనా తెలిసిన మనకి ఆ అధ్యాయం మగవాళ్ళకంటే బాగా అర్థమవుతుంది. ఎవరిని ఎక్కడ కూచోబెట్టామన్నది ఎంత పెద్ద మాటో మనకి తెలుసు.

విందు అయ్యాక మే అతనితో తను నెల తప్పానని చెబుతుంది. ఎలెన్‌కి రెండు వారాల కిందటే చెప్పిందట, అప్పటికి తనకే రూఢిగా తెలియదు. ఆ ఒక్క మాటతో ఎలెన్ వెళ్ళిపోయింది, న్యూలాండ్ ఉండిపోయాడు. అమాయకురాలు అనుకున్న మే అలా అనగలదని అతను ఊహించలేదు. నాకు మాత్రం ఆ పిల్ల మీద కోపం రాలేదు. చేతిలో ఉన్నది ఆ ఒక్క ముక్క, ఆడింది.

మూడోది 'ద హౌస్ ఆఫ్ మర్త్', 1905. ఇరవై తొమ్మిదేళ్ళ లిలీకి అందం ఉంది, డబ్బు లేదు. పేకాటలో అప్పులు. స్నేహితురాలి మొగుడు డబ్బు పెట్టుబడి పెట్టి లాభం తెచ్చానని తొమ్మిది వేల డాలర్లు ఇచ్చి, తర్వాత దానికి వేరే బదులు కోరతాడు. పెద్దింటివాళ్ళు ఒక్కొక్కరే తలుపులు మూస్తారు. టోపీలు కుట్టే చోట పనికి చేరితే, తళుకులు సూటిగా కుట్టడం చేతకాదు. మన మాటీకీ టోపీ అలంకరించడమే వచ్చు, పిండి రుబ్బే రకం పని రాదు. ఇద్దరికీ నేర్పింది అదే మరి.

వార్టన్‌కి మాత్రం రాయడం వచ్చు. ఆవిడ భర్తకి మనసు బాగుండేది కాదు, ఆవిడ సొమ్ము కూడా కొంత వేరే ఆడదాని మీద ఖర్చుపెట్టాడు. 1913లో విడాకులు తీసుకుని ఫ్రాన్సులో స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పని పోయిన ఆడవాళ్ళకి పారిస్‌లో కుట్టుపని కేంద్రం పెట్టింది. 1937లో ఫ్రాన్సులోనే పోయింది. కానీ విచిత్రం చూడండి, తను గడప దాటి ఏడేళ్ళయ్యాక రాసిన నవలలో కూడా ఎలెన్‌కి విడాకులు ఇప్పించలేదు.

పుస్తకం దొరక్కపోతే 'ద ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్' సినిమా ఉంది, 1993లో మార్టిన్ స్కోర్సెసీ తీశాడు. ఆ విందు సన్నివేశం కోసమైనా చూడండి. చూసి, ఆ రాత్రి మే చెప్పిన మాటని మీరైతే అబద్ధం అంటారో, ఇంకేమంటారో ఉత్తరం రాయండి.